నిండిన బుట్టలు, మాయమైన మనుషులు

“ఈ గదిలో ఒక ఘోరం జరుగుతోంది. దాన్ని కనిపెట్టగల బుర్ర ఈ ఊరు మొత్తానికీ ఒక్కటే ఉంది. అది ఇప్పుడే లోపలికి వచ్చింది.”

అలా ప్రకటించి బాబాయ్ గడప దాటాడు. బుర్ర లోపలికి వచ్చింది కానీ, చంకలోని గొడుగు తలుపుకు అడ్డం పడి బయటే ఉండిపోయింది. రెండుసార్లు లాగి చూశాడు. రాలేదు. దాన్ని అక్కడే వదిలేసి, అదీ పథకంలో భాగమే అన్నట్టు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

సూది తల పట్టుకుంది. ఆమెకు అసలు పేరు వేరే ఉంది కానీ ఇంట్లో ఎవరూ వాడరు. సన్నగా ఉంటుందని కొందరు, మాట గుచ్చుకుంటుందని కొందరు చిన్నప్పటినుంచీ సూది అనే పిలుస్తున్నారు. ఆమె పాత బట్టలు విప్పించి, కత్తిరించి, కొత్త బట్టలుగా కుట్టించి ఇంటర్నెట్‌లో అమ్ముతుంది. షాపంటే ఒకే గది. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడ పొడుగునా పాత పరదాలూ దుప్పట్లూ మడతపెట్టిన అరలు, మధ్యలో కత్తిరింపుల బల్ల. భూమిని కాపాడే పని ఆ బల్ల మీదనుంచే జరుగుతోందని సూదికి గట్టి నమ్మకం. భూమికి ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

బాబాయ్ ఉద్యోగమంతా పరీక్ష హాళ్లలో కాపలా కాశాడు. సాక్సులో దాచిన స్లిప్పును వాసన చూసి పట్టేవాణ్ణని చెప్పుకుంటాడు. ఆ సాక్సుల వాసన ఎవరైనా పట్టగలరని పిన్ని అంటుంది. రిటైరయ్యాక ఆ ప్రతిభంతా వీధి మీద పడింది. పక్కింటి పిల్లి తప్పిపోతే పిల్లినే అనుమానించాడు. ఎదురింటి చెప్పుల కేసులో దొంగ అడుగుజాడలను వీధంతా వెంబడించి, చివరికి తన ఇంటికే చేరాడు. చెప్పులు ఆయన కాళ్లకే ఉన్నాయి.

“చెప్పు సూదీ. ఏం పోయింది?” అన్నాడు.

“ఏమీ పోలేదు బాబాయ్. అదే బాధ. సరుకంతా ఇక్కడే ఉంది.”

మిషను ముందు కుట్టక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కుట్టక్క లేకపోతే షాపే లేదు. సూది బాగానే కత్తిరిస్తుంది కానీ, కుట్టడానికి కూర్చుంటే చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపు వస్తాయి. అలాంటి కుట్టక్కను పరదాల ఫ్యాక్టరీవాళ్లు సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. ఈలోగా ఆర్డర్లు వస్తే ఉంటాననీ, రాకపోతే వెళ్లక తప్పదనీ ఆమె మెల్లగా చెప్పేసింది. ఇవాళ శనివారం.

అందుకే సూది తనతో చదువుకున్న డిజైనరును పిలిపించింది. వెబ్‌సైట్లు బాగుచెయ్యడం ఆ పిల్ల పని. పొద్దుటినుంచీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నిట్టూరుస్తోంది.

“జనం వస్తున్నారు అంకుల్. చూస్తున్నారు. బుట్టలో వేసుకుంటున్నారు. కొనే ముందు మాయమైపోతున్నారు,” అంది డిజైనరు.

“మాయం,” అన్నాడు బాబాయ్, కళ్లు సగం మూసి.

“ఒకరైతే మరీ విచిత్రం. రోజూ మధ్యాహ్నం వస్తారు. అదే నీలం కోటు బుట్టలో వేసుకుంటారు. చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగిపోతారు. కొంటే గానీ పేరు తెలియదు.”

“అదే వేళ. అదే కోటు. కొనడు, వదలడు. వీడు గిరాకీ కాదమ్మా, గూఢచారి. వీడి వెనక ముఠా ఉంది.”

“కోటు నచ్చిందేమో బాబాయ్.”

“నచ్చితే కొంటారు. కొనకుండా రోజూ వచ్చి చూసిపోయేవాడు పచ్చి నేరస్తుడు.”

“మరి నువ్వు రోజూ బజారుకెళ్లి ఆ ఎర్ర స్కూటరు చూసొస్తావుగా.”

“అది నిఘా,” అన్నాడు బాబాయ్.

డిజైనరు ల్యాప్‌టాప్‌ను సూది వైపు తిప్పింది. “ముఠా లేదు, గిఠా లేదు. మన సైటే వాళ్లను తరిమేస్తోంది. ఈ నాలుగు పేజీలూ తీసేద్దాం.”

ఆ నాలుగు పేజీలూ సూది ప్రాణం పెట్టి రాసుకున్నవి. బట్ట ఎంచుకోగానే ముందు ఒక నది పారుతుంది. రంగునీళ్లు కలిసిన నది ఎంత బాధపడుతుందో అది అయిపోయేదాకా చూడాలి. తరవాత ఆ బట్ట ఆత్మకథ. ఆ తరవాత ‘ఇది మీకు నిజంగా అవసరమా?’ అనే ప్రశ్న. అవునంటే ‘మరోసారి ఆలోచించండి’ అంటుంది. అన్నీ దాటినవాళ్లు ఆఖర్న ఒక ప్రతిజ్ఞ సొంతంగా టైపు చెయ్యాలి. ఒక్క అక్షరం తప్పినా మొత్తం చెరిగిపోతుంది. నిజాయతీ లేనివాళ్లు అక్కడ ఆగిపోతారని సూది ఆలోచన. ఆ లెక్కన ఇప్పటిదాకా లోకంలో నిజాయతీపరుడు ఒక్కడూ తగల్లేదు.

డిజైనరు నాలుగింటినీ ఎంచి నొక్కింది. ‘తీసెయ్యమంటారా?’ అని తెర అడిగింది. సూది గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

“అవి తీసేస్తే మనకూ సందు చివరి బట్టల కొట్టుకూ తేడా ఏముందే?”

“వాళ్ల దగ్గర కొంటారు. అదే తేడా.”

“అది మన ఆత్మ.”

“ఆత్మలే మిగిలాయి. మనుషులు పోయారు. పోనీ నా మాట నమ్మకు. ముగ్గుర్ని పిలుద్దాం. ఫోన్లలో సైటు తెరిచి ఏదో ఒకటి కొనుక్కోమందాం. మనం సాయం చెయ్యకూడదు, నోరు మెదపకూడదు. ఎక్కడ తడబడుతున్నారో మౌనంగా చూడాలంతే.”

బాబాయ్ వెన్ను నిటారుగా అయింది. “మౌనంగా కూర్చున్నవాళ్లను మౌనంగా చూడటమా? అమ్మాయ్, నువ్వు నా జీవితాన్ని వర్ణిస్తున్నావు.”

వద్దనేలోపే ఆయన వీధిలోకి వెళ్లి ముగ్గుర్ని పట్టుకొచ్చాడు. ఇస్త్రీ కొట్టాయన, పాటల టీచరమ్మ, ఇంట్లో కునుకు తీయబోతున్న పిన్ని. అందర్నీ దూరదూరంగా కూర్చోబెట్టి, కుర్చీల వెనక సుద్దముక్కతో నంబర్లు వేశాడు.

“స్లిప్పులుంటే ఇప్పుడే ఇచ్చేయండి. తరవాత దొరికితే నా బాధ్యత కాదు.”

“చొక్కా కొనుక్కోమన్నారు కదా సార్, స్లిప్పులెందుకు?” అన్నాడు ఇస్త్రీ కొట్టాయన.

“అమాయకంగా మాట్లాడేవాళ్లనే నేను ఎక్కువ పట్టాను. మొదలుపెట్టండి.”

డిజైనరు ల్యాప్‌టాప్‌ను బల్ల అంచుకు జరిపి గోడవార నిలబడింది. తెర మీద ఆ ప్రశ్న అలాగే ఉంది. సూది ఆమె పక్కన నిలబడి చూస్తోంది.

కాసేపటికి ఇస్త్రీ కొట్టాయన చెయ్యెత్తాడు. “సార్, ఈ నది ఎంతసేపు పారుతుంది?”

“అభ్యర్థులు మాట్లాడరాదు.”

“పక్కనుంచి దాటే దారేమైనా ఉందేమోనని.”

“వంతెన కట్టలేదు,” అని గొణిగింది డిజైనరు. సూది ఆమెను మోచేత్తో పొడిచింది.

పాటల టీచరమ్మ నదినీ ఆత్మకథనూ బుద్ధిగా చూసింది. అవసరమా అన్న ప్రశ్న దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకుంది.

“నిజంగా అంటే, అవసరమేమీ లేదమ్మా. బీరువా తలుపే పడటం లేదు,” అని ‘లేదు’ నొక్కింది. ‘భూమి మీకు కృతజ్ఞతలు చెబుతోంది, సెలవు’ అని షాపు మూసుకుపోయింది. టీచరమ్మ సంతోషంగా ఫోను ఒళ్లో పెట్టుకుంది. “నేను పాసయ్యానా?”

“మీరు పాసయ్యారు టీచరమ్మా. నేనే ఫెయిలయ్యాను,” అంది కుట్టక్క మిషను దగ్గరనుంచి.



ఇస్త్రీ కొట్టాయన ఎలాగో నది ఈది ప్రతిజ్ఞ చేరాడు. పెదవులు కదుపుతూ చదివి ఉలిక్కిపడ్డాడు. “చిరిగేదాకా తొడుగుతాను, సరే. చన్నీళ్లలో ఉతుకుతాను, సరే. ‘కరెంటు వృథా చేసి ఇస్త్రీ చెయ్యను’ ఏమిటండీ? నా పొట్ట నేనే కొట్టుకుంటానని రాసివ్వాలా?”

“మాట్లాడితే డిబార్,” అన్నాడు బాబాయ్. తడబడిన ప్రతివాణ్ణీ నేరస్తుడిగా చూడటం ఆయనకు అలవాటు. ఇక్కడ అందరూ తడబడుతున్నారు కాబట్టి ఆయనకు పండగలా ఉంది.

సూది మాత్రం పిన్నిని చూస్తోంది. సైటు మొహమే ఎరగనన్న పిన్ని నది మొదలవగానే ఫోను పక్కన పెట్టి, తీరిగ్గా కళ్లజోడు తుడుచుకుంది. తుడవడం అయ్యేసరికి నది కూడా అయిపోయింది. ప్రశ్న చదవకుండానే ‘అవును’ నొక్కింది. ఆలోచించమంటే ఆలోచించానని నొక్కింది. ప్రతిజ్ఞను చూడకుండానే ఒక వేలితో కొట్టుకుంటూ పోయింది. ఎక్కాలు అప్పజెప్పినట్టుంది. చివరి మాట దగ్గర వేలు జారింది. మొత్తం చెరిగిపోయింది.

పిన్ని నిట్టూర్చను కూడా లేదు. మళ్ళీ మొదటి అక్షరం దగ్గరకు వెళ్లింది.

సూది నోరు తెరవబోయింది. మాట్లాడకూడదని డిజైనరు సైగ చేసింది. మౌనంగా చూడటం ఇంత కష్టమని సూదికి అప్పుడే తెలిసింది.

అదే సమయానికి ఇస్త్రీ కొట్టాయన మెడ చాచి పిన్ని ఫోనులోకి తొంగిచూశాడు. ఇంత చకచకా ఎలా కొడుతోందా అని.

“కాపీ,” అని గర్జించాడు బాబాయ్. “దొరికాడు ముఠా నాయకుడు.”

పెద్దపులిలా దూకాడు. పెద్దపులి కాళ్లకు ల్యాప్‌టాప్ తీగ చుట్టుకుంది. ఆయన బల్ల మీద పడ్డాడు, కత్తిరింపుల ముక్కలు గాల్లోకి లేచి ఆయన మీద పడ్డాయి, ఆయన మోచెయ్యి మాత్రం వెళ్లి ఒకే ఒక్క బటన్ మీద పడింది. ‘తీసెయ్యమంటారా?’ అన్న ప్రశ్నకు అవునని జవాబు వెళ్లిపోయింది. నది ఎండిపోయింది. ఆత్మకథ ముగిసింది. ప్రతిజ్ఞ గాలికి పోయింది.

“అయిపోయింది,” అంది డిజైనరు తెర చూసి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

పిన్ని ఫోను ఒకసారి మినుకుమంది. నీలం కోటు బొమ్మ, కొలతలు, ధర, అడ్రసుకో గడి, కింద ‘కొనండి’. అంతే ఉంది. పిన్ని చుట్టూ చూసి, ఎవరూ ఆపడం లేదని రూఢి చేసుకుని, అడ్రసు కొట్టి గభాలున నొక్కేసింది.

ల్యాప్‌టాప్ టింగుమంది.

“ఎవరూ కదలొద్దు,” అన్నాడు బాబాయ్ బల్ల మీదనుంచి. “ఏమిటా చప్పుడు?”

“ఆర్డరు అంకుల్. నీలం కోటు.”

“గూఢచారి. వలలో పడ్డాడు. అడ్రసు చదువు.”

“నీళ్ల ట్యాంకు వెనక, పసుపు గేటు ఇల్లు.”

“ఆ ఇల్లు నాకు బాగా తెలుసు. ఆ ఇంటి మీద నాకు మొదటినుంచీ అనుమానమే. అందులో ఎవడో వింత మనిషి ఉంటాడు,” అన్నాడు బాబాయ్ తల మీది గుడ్డపీలికలు దులుపుకుంటూ.

“ఉంటాడు. నాకు పెళ్లి చేసింది వాడికే,” అంది పిన్ని.

బాబాయ్ గేటు రంగును మనసులో ఇంకోసారి చూసుకున్నాడు.

“పిన్నీ, రోజూ వచ్చేది నువ్వా? నన్నడగొచ్చు కదా,” అంది సూది.

“అడిగితే ఊరికే ఇచ్చేస్తావు. ఇంట్లోవాళ్లకు ఊరికే ఇచ్చే షాపు ఎన్నాళ్లు నిలబడుతుందే? అందరిలాగే కొనుక్కుందామనుకున్నాను.” పిన్ని కళ్లజోడు తీసి చేతిలో తిప్పింది. “ఆఖరుకొచ్చేసరికి చెరిగిపోయేది. నాకే చేతకావడం లేదేమో, ఈ వయసులో ఒక కోటు కొనడం కూడా రాదేమో అనుకుని ఊరుకునేదాన్ని. మర్నాడు మళ్ళీ ఆశ పుట్టేది.”

మధ్యలో వెళ్లిపోయినవాళ్లంతా భూమి అంటే లెక్కలేనివాళ్లని ఇన్నాళ్లూ సూది అనుకుంది. వాళ్లు ఇళ్లకు వెళ్లి తమను తామే తిట్టుకుంటున్నారని ఆమెకు తట్టనే లేదు.

“ఒక్క నొక్కు నొక్కితే ఆ పేజీలన్నీ వెనక్కొస్తాయి. తెప్పించనా?” అంది డిజైనరు.

అందరూ సూది వైపు చూశారు. కుట్టక్క మాత్రం మిషను గుడ్డ కప్పాలా వద్దా అన్నట్టు దాని అంచు పట్టుకుని ఉంది.

ల్యాప్‌టాప్ మళ్ళీ టింగుమంది.

“నాదేనండీ. గీతల చొక్కా,” అన్నాడు ఇస్త్రీ కొట్టాయన. “ఇస్త్రీ చేసుకోవచ్చుగా?”

సూదికి పన్ను పీకినట్టనిపించింది. “చేసుకోండి,” అంది. తరవాత డిజైనరు వైపు తిరిగింది. “తెప్పించొద్దు. బట్ట కథ చీటీ రాసి పొట్లంలో పెడతాను. కొన్నాక, చదవాలనిపిస్తే చదువుకుంటారు.”

“చిన్న చీటీ,” అంది డిజైనరు.

“చిన్నదే.”

“నది ఉండదు కదా?”

సూది కత్తెర వెతుక్కోసాగింది. డిజైనరు వెంటనే, బుట్టలు నింపి వెళ్లిపోయినవాళ్లందరి ఫోన్లకూ, పేర్లు తెలియకపోయినా సైటు నుంచే చేరేలా, దారి బాగుపడింది, రండి అని కబురు పంపింది. కాసేపు ఏమీ కాలేదు. తరవాత ఒక టింగు. ఇంకో టింగు. ఆ తరవాత డిజైనరు ఆ చప్పుడు ఆపేసింది, మాట వినబడటం లేదని.

“ఈ చొక్కా కొలత ఎంత?” అంది కుట్టక్క.

“సోమవారం ఫ్యాక్టరీకి వెళ్లాలేమో కదా అక్కా,” అంది సూది, భయం భయంగా.

“ఇవన్నీ ఎవరు కుడతారు, నువ్వా? జనానికి రెండు చేతులూ ఒకే వైపు మొలవాలి అప్పుడు.” కుట్టక్క గీతల గుడ్డ అందుకుని మిషను ముందుకు జరిగింది.

పిన్ని నమూనాగా ముందే కుట్టి పెట్టిన నీలం కోటు తొడుక్కుని చూసుకుంది. భుజాల దగ్గర కుదురుగా కూర్చుంది. బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. కేసు ముగిశాక అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి రహస్యం విప్పి చెప్పడం గొప్ప డిటెక్టివుల మర్యాద. అందరూ అప్పటికే గదిలో ఉన్నారు, అది ఆయన అదృష్టం.

“నేను కాలు జారి పడ్డానని మీరంతా అనుకుంటున్నారు,” అని మొదలుపెట్టాడు. “నిజానికి ఆ తీగను నేను పొద్దున్నే గమనించాను. మా ఆవిడ కళ్లలో ఒక నీలం నీడను చూసిన క్షణంలోనే నా బుర్రలో—”

కుట్టక్క మిషను తొక్కింది. బాబాయ్ గొంతు పెంచాడు. కుట్టక్క ఇంకాస్త జోరుగా తొక్కింది. సూది పక్క ముక్క కత్తిరించి అందించింది, మిషను ఆగకుండా. ఆయన చేతులు ఊపుతూ, పచార్లు చేస్తూ, ఒకసారి వేలెత్తి, ఒకసారి గుండె మీద చెయ్యేసుకుని చాలాసేపు మాట్లాడాడు. నేరం ఎలా ఛేదించాడో పూసగుచ్చినట్టు వివరించే ఉంటాడు. చీకటిపడేదాకా ఆ గదిలో ఎవరికీ ఒక్క ముక్క వినబడలేదు.