రెండో అంకంలో నాగప్పన్ తైలం

ఆ ఆదివారం పొద్దున రత్నావతి అనుకున్న పని ఒక్కటే: బ్రిక్‌ఫీల్డ్స్ పేట హాలులో నాటకం ఆడించడం, జనం మధ్యలో లేచిపోకుండా చూసుకోవడం. అది నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు ప్రహసనం, ఊరూరా దొంగమందు అమ్ముకునే వైద్యుడి కథ. ఆవిడ దాన్ని తెలుగులోకి దించి, మలయ్ గడ్డ మీద పుట్టి, తెలుగు అర్థమైనా నోరు తిరగని పిల్లలకు ఆరు నెలలు నూరిపోసింది. తెలుగు సంఘం అధ్యక్షుడు తిమ్మయ్య మాత్రం ముందే తేల్చేశాడు.

"జనం లేసిపోతే వచ్చే ఏడు నాటకం లేదమ్మా. సినిమా పాటల డాన్సే."

వైద్యుడి వేషం బ్యాంకులో పనిచేసే విక్నేష్‌ది. మందు సీసాను రైల్లో మరిచిపోయి వచ్చాడు. "ఇప్పుడేటి సేద్దాం ఆంటీ?"

గుమ్మం దగ్గర నాగప్పన్ మోకాళ్ల నొప్పుల తైలం సీసాలు అమ్మకానికి పెట్టుకుని కూర్చున్నాడు. సభ ఖర్చులో సగం ఆయనదే. విక్నేష్ ఒక సీసా అడగ్గానే, తన సరుకు వేదికెక్కుతోందని పొంగిపోయి ఇచ్చాడు. ఎందుకని అడగలేదు.

రెండో అంకంలో విక్నేష్ సీసా పైకెత్తాడు. "ఒక్క చుక్క చాలు! కుంటివాడు పరుగెడతాడు, బట్టతలకు జుట్టొస్తుంది, మొగుడు మాట వింటాడు!"

సంఘం సభల్లో ఖర్చు పెట్టుకున్నవాళ్లు మధ్యమధ్య తమ సరుకు అమ్ముకోవడం మామూలే. సుంగై సుమున్ ఊరి నుంచి బస్సులో వచ్చిన దేవుడమ్మ ఇదీ అదేననుకుంది. కుచ్చిళ్లు ఎత్తిపట్టి తిన్నగా వేదికెక్కింది.

"ఈ మోకాలికి రుద్దు నాయనా. ఆ కాలు బాగానే ఉంది లా," అంది మలయ్ యాస కలిపి.

విక్నేష్‌కు వచ్చిన తెలుగంతా నాటకంలోదే. "తల్లీ, నీ అదృష్టం పండింది!" అని తరవాతి మాట అప్పగించేశాడు. దాంతో ఆవిడ వెనక మిగతా జనం వరస కట్టారు.

తెర పక్క నుంచి రత్నావతి ఇదంతా చూసింది. ఎలాగైనా ఆపాలని, మూడో అంకంలో రావలసిన కొత్వాలు వేషగాడు శర్విన్‌ను ముందుకు తోసింది. అతనూ తనకు వచ్చిందే అన్నాడు: "ఆగండి! అది మందు కాదు, మురిక్కాలవ నీళ్లు! అమ్మేవాడు దొంగ!"

"ఎవడ్రా దొంగ!" గుమ్మం దగ్గర్నుంచి నాగప్పన్ ఉరికొచ్చాడు. ప్యాంటు పైకి మడిచి, అందరి ఎదుటా మోకాళ్లకు తైలం దట్టంగా పట్టించాడు. "మా తాతయ్య కాలం మందు! దీనికి తగ్గని రోగం లేదు! జుట్టా? వస్తాది! మొగుడా? మాటింటాడు!"

దీపాల వెలుగులో ఆయన బట్టతల తళతళలాడింది. హాలంతా గొల్లుమంది.

రత్నావతి తల బయటపెట్టి చూసింది. ఒక్క కుర్చీ కూడా ఖాళీ కాలేదు. ఆవిడకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "పట్టుకో!" అని శర్విన్‌కు సైగ చేసింది. కొత్వాలు నాగప్పన్‌కు తాడు కట్టి ఈడ్చుకుపోతుంటే తెర పడింది. జనం లేచారు, కానీ వెళ్లిపోవడానికి కాదు. ఆగకుండా చప్పట్లు కొడుతుంటే రత్నావతి పట్టలేక ఏడ్చేసింది.

"వచ్చే ఏడూ నాటకమేనమ్మా," అన్నాడు తిమ్మయ్య. ఉత్తమ నటుడి కప్పు నాగప్పన్‌కే ఇచ్చారు. దాన్ని చంకన పెట్టుకుని ఆయన రత్నావతి దగ్గరికి వచ్చాడు.

"వచ్చే ఏడు ఖర్చంతా నాదే అమ్మా. నాకో నిజాయితీ వ్యాపారి వేషం ఇస్తే సాలు."

అలాంటి వేషం కోసం రత్నావతి పాత ఇంగ్లీషు నాటకాలన్నీ ఇంకా తిరగేస్తూనే ఉంది.