పోలిరాజు నడుముకి మంజూరైన బిళ్ల

మనిషి వెన్నెముకలో ముప్పైమూడు పూసలుంటాయని వైద్యశాస్త్రం చెబుతోంది. అనకాపల్లిలోని సామగ్రి పరిశీలన కార్యాలయం మాత్రం ఈ సంఖ్యను ఇంతవరకు ధ్రువీకరించలేదు. ధ్రువీకరించేదాకా మనమందరం తాత్కాలిక ప్రాతిపదికన నిలబడి ఉన్నట్టే లెక్క.

ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ ఆఫీసు గేటు ఎదుట, జెరాక్సు కొట్టు పక్కన, టైపు మిషను పెట్టుకుని పాతికేళ్లుగా అర్జీలు కొడుతున్నాను. కంప్యూటర్లు వచ్చేశాయి, నీ పని అయిపోయిందని అందరూ భయపెట్టారు. ఏమీ కాలేదు. కంప్యూటరులో ఎక్కించే ముందు ప్రతి అర్జీ కాగితం మీద మూడు ప్రతులు ఉండాలని ఉత్తర్వు వచ్చింది. (ఆ ఉత్తర్వు కోసం అర్జీ పెట్టింది నేను కాదు.)

2003 వేసవిలో పోలిరాజు నా బల్ల దగ్గరికి వచ్చాడు. బెల్లం మార్కెట్లో కలాసీ. నలభై ఇంకా నిండలేదు. ఇరవై ఏళ్లు లారీల మీదికి బెల్లం దిమ్మలు ఎక్కించి ఎక్కించి, నడుములో నాలుగో పూస ఐదో పూస మీద నుంచి ముందుకు జారింది. రెంటి మధ్య ఉండే మెత్త నలిగిపోయింది. నిటారుగా నిలబడితే కాలి వేళ్లదాకా కరెంటు కొట్టినట్టు నొప్పి, ముందుకు వంగితే కాస్త నయం. అందుకని ఎప్పుడూ వంగే ఉండేవాడు. ఏదో పడిపోతే వెతుక్కుంటున్నాడనుకుని మొదట నేను కూడా బల్ల కిందికి చూశాను.

వెంట అతని భార్య లోవలక్ష్మి ఉంది. "ఈ మనిషిని నిటారుగా నిలబెట్టాల బాబూ. ఏ కాయితం గావాలో అది కొట్టండి" అంది.

కాగితం సంగతి ఎలా వచ్చిందో చెబుతాను. ఎముకల డాక్టరు సూర్యకళ గారు అతనికి ఆపరేషను చేస్తానన్నారు. నలిగిన మెత్తను తీసేసి, ఆ ఖాళీలో బొటనవేలి గోరంత లోహపు బిళ్ల పెడతారు. కొన్నాళ్లకి పైపూస, కిందిపూస ఆ బిళ్ల గుండా పెరిగి ఒకే ఎముక అవుతాయి. ఇక జారడం ఉండదు, నొప్పి ఉండదు. బయటి దేశాల నుంచి వచ్చే బిళ్లలు మనవాళ్ల పూసలకి పెద్దవైపోతున్నాయని, ఆవిడే కూర్చుని కొత్తది గీశారు. నమూనా చేయడానికి లేతు మిషను బాబ్జిని పట్టుకున్నారు. బాబ్జి చెరకు గానుగల రోలర్లకి పళ్లు కోసే మనిషి. పోలిరాజుని మావా అని పిలుస్తాడు.

ఆ బిళ్ల చిన్నదే గాని చాలా ఆలోచించి చేసింది. మధ్యలో బోలుగా ఉంటుంది. అందులో తుంటి నుంచి తీసిన ఎముక పొడి కూరతారు, దాని గుండానే రెండు పూసలూ కలుసుకోవాలి. పైనా కిందా సన్నటి పళ్లుంటాయి, పూసల మధ్య నుంచి జారిపోకుండా. ముందువైపు ఎత్తుగా, వెనకవైపు తగ్గి ఉంటుంది, నడుముకి ఉండాల్సిన సహజమైన వంపు తిరిగొచ్చి మనిషి నిటారుగా నిలబడేటట్టు. పళ్లు ఎందుకో బాబ్జికి విడమరచి చెప్పే పని పడలేదు. పళ్లు అరిగిన రోలరు చెరకును పట్టదు, ఇదీ అంతే కదా మేడమ్ గారూ, అన్నాడట. వారంలో ఇత్తడి నమూనా తయారైంది. అసలుది విశాఖలో ఒక ఫ్యాక్టరీవాళ్లు టైటానియంతో చేసిస్తామన్నారు. ఇక కావలసింది ఒక్క ముద్ర.

ఆసుపత్రుల్లోకి వెళ్లే ప్రతి వస్తువూ మా ఎదుటి ఆఫీసులోంచే వెళ్లాలి. దానికి అధికారి త్రినాధరావు గారు. చాలా మంచి మనిషి. (ఈ కథలో చెడ్డవాళ్లు లేరు. ఒక్కడున్నా పని తొందరగా అయ్యేది.) ఆయన చేతిలో ఉన్న ఫారం ఒక్కటే, నమూనా 14-బి. అది 1961లో ఎనామిల్ బేసిన్లు కొనడానికి తయారైంది. ఆ తర్వాత పరుపులు, మంచాలు, స్టెతస్కోపులు అన్నీ దాని మీదే పాసయ్యాయి. ఒక అంబులెన్సు "నీరు పోసినచో కారుచున్నదా" అన్న గడి దగ్గర మూడు నెలలు ఆగిపోయింది. చివరికి పోసి చూశారు.

బిళ్ల ఎంత చిన్నదైనా మనిషి లోపలికి వెళ్లేది గనక, దాని కోసం ప్రత్యేకంగా ఉపసంఘం వేశారు. త్రినాధరావు గారు అధ్యక్షులు. తూనికలూ కొలతలూ చూసే ఆయన ఒకరు, కట్టడాల ఇంజనీరు ఒకరు సభ్యులు. ముగ్గురికీ ఎముకలతో పూర్వ పరిచయం లేదు. నిష్పక్షపాతం కోసమే అలా ఎంచారు. లబ్ధిదారు ప్రతి సమావేశానికీ స్వయంగా హాజరు కావాలన్నది నియమం. లబ్ధిదారుకి కుర్చీ అన్నది నియమాల్లో లేదు. అందుకని పోలిరాజు బల్ల అంచు పట్టుకుని, వంగి, సమావేశం అయ్యేదాకా నిలబడేవాడు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆ ఆఫీసులో ఎవరి మొహం ఎలా ఉంటుందో అతనికి తెలియదు గాని, ఎవరి చెప్పుల మడమలు ఎటు అరిగాయో కంఠతా వచ్చేసింది. బదిలీ మీద వచ్చిన కొత్త గుమస్తాని పాత గుమస్తా అనుకుని పలకరించాడు. పాతాయన వెళ్తూ వెళ్తూ తన చెప్పులు కొత్తాయనకి అమ్మేశాడని తర్వాత తెలిసింది.

మొదటి సమావేశంలో త్రినాధరావు గారు ఇత్తడి నమూనాని కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూశారు. అవతలి గోడ మీది క్యాలెండరు కనబడింది. తేదీ కూడా చదివారు. "వస్తువునందు రంధ్రములు గలవా" అన్న గడిలో గలవు అని రాసి, తిరస్కరించారు. ఆ రంధ్రం ఎముక పెరగడానికేనని, పెరిగి అది నిండిపోతుందని సూర్యకళ గారు అరగంట చెప్పారు. ఆయన ఓపిగ్గా విన్నారు.

"ఎలాగూ నిండేదే కదమ్మా" అన్నారు చివరికి. "మొదటే నింపి ఇస్తే మీకేమిటి అభ్యంతరం?"

ఈ ప్రశ్నకి వైద్యశాస్త్రంలో జవాబు ఉంది గాని ఫారంలో దానికి జాగా లేదు. బాబ్జి బోలు పూడ్చేసి తెచ్చాడు. పూడ్చింది చూపిస్తే కనీసం పళ్లయినా దక్కుతాయని డాక్టరమ్మ ఆశ.

దక్కలేదు. "ఉపరితలము నునుపుగా ఉన్నదా" అన్న గడి తరువాతి పేజీలోనే ఉంది. తూనికలాయన పళ్ల మీద వేలు రాసుకుని, గీరుకుందని, సిబ్బంది భద్రత ఏం కావాలని అడిగారు. లోపల పెట్టాక దాన్ని ఏ సిబ్బందీ ముట్టుకోరని డాక్టరమ్మ చెప్పారు. ముట్టుకోనప్పుడు తనిఖీ ఎలా చేస్తామని ఆయన అడిగారు. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్న లోవలక్ష్మి లోపలికి వచ్చేసింది.

"బాబూ, తవరు మీ నోట్లో పళ్లన్నీ నున్నగా అరగదీయించుకోండి. రేపు ముద్ద నవిలి సూపించండి. నవిలేరంటే మావూ ఒప్పుకుంతాం" అంది.

మినిట్సులో ఇలా నమోదైంది: లబ్ధిదారు భార్య దంతవైద్యమునకు సంబంధించిన సూచన చేసినారు. ఈ ఉపసంఘం పరిధిలోనిది కాదు.

పళ్లు పోయాయి. ఇక మిగిలింది వాలు. ఆ సమావేశానికి ఇంజనీరు గారు సంచీలోంచి మేస్త్రీలు వాడే రసమట్టం తీశారు. బిళ్లను బల్ల మీద పెట్టి, దాని మీద రసమట్టం పెట్టారు. బుడగ ఒక పక్కకి పోయింది. ఆయన మొహం కూడా పోయింది. తన సర్వీసులో మట్టంగా లేని దేన్నీ పాస్ చేయలేదన్నారు. (నిజమే. ఆయన పాస్ చేసిన కాలువల్లో నీళ్లు ఎటు పోవాలో తెలియక ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.) సూర్యకళ గారికి ఓపిక అయిపోయింది. లేచి, మనిషి నడుం ఎక్కడైనా మట్టంగా ఉంటుందా, మీ నడుం ఉందా అని అడిగారు.

"నా నడుం ఈ ఆఫీసు ద్వారా రాలేదమ్మా" అన్నారు ఇంజనీరు గారు, ఏమాత్రం నొచ్చుకోకుండా.

ఆ మాట విన్న రోజు నాకు ఒళ్లు మండిపోయింది. పాతికేళ్లలో నాకు కోపం వచ్చింది అదొక్కసారే. పోలిరాజు తరఫున తొమ్మిదో అర్జీ కొడుతూ "వినయపూర్వకముగా" అన్న మాట ఎగరగొట్టేశాను. ఆ మాట లేదని అర్జీ మూడో రోజున తిరిగొచ్చింది. మళ్లీ పెట్టి కొట్టాను. అంతకంటే పెద్ద విప్లవం నా చేతిలో లేదు.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి, వెళ్లాయి. ఫైలు ఒకసారి విశాఖ వెళ్లి, అక్కడ దీన్ని బేసిన్ల ఫైళ్లతో కలిపి కట్టేస్తే, ఏడాది తర్వాత బేసిన్లతో పాటే తిరిగి వచ్చింది. లోవలక్ష్మి చెరకు కోతకి పోయి ఇల్లు నెట్టుకొచ్చింది. సమావేశం ఉన్న రోజున కోత మానుకుని అతన్ని చెయ్యి పట్టుకుని తెచ్చేది. పోలిరాజుకి నొప్పి మాటెలా ఉన్నా, కూతురి పెళ్లి నాటికి ఎప్పుడో కాదు, రేపు పొద్దున్నే లేచి నిలబడాలని ఉండేది. ఏ బరువూ ఎత్తకపోయినా పర్వాలేదట. ఎదుటి మనిషి మొహం చూసి ఒక్క మాట మాట్లాడితే చాలునట. నాతో ఆ మాట అన్నప్పుడు కూడా నా చెప్పుల వైపే చూస్తున్నాడు.

2005 చివర్లో బిళ్ల పాసయింది. రంధ్రం లేదు, పళ్లు లేవు, వాలు లేదు. నమూనా 14-బి చరిత్రలో ఒక్క అభ్యంతరం కూడా మిగలని మొదటి వస్తువు అదేనని త్రినాధరావు గారు నాతో గర్వంగా చెప్పారు. లోపరహితమని ముద్ర కొట్టిన కాగితాన్ని బిళ్లతో సహా డాక్టరమ్మకి అందజేశారు. బాబ్జి దాన్ని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"కేరమ్స్ ఆడితే భలేగా పోద్ది మేడమ్ గారూ" అన్నాడు. "మావ నడుంలో పెడితే కూడా అలాగే పోద్ది."

సూర్యకళ గారు దాన్ని ఎవరి ఒంట్లోనూ పెట్టనని రాసిచ్చారు. పదిహేను రోజుల్లో జవాబు వచ్చింది. వస్తువులో లోపం లేదని రుజువైనందున, లోపం వైద్యురాలిలో ఉండవచ్చునని, ఆమెను నమూనా 14-బి ప్రకారం పరీక్షించవలసి ఉంటుందని అందులో ఉంది. ఏ గడితో మొదలుపెడతారో రాయలేదు.

ఆవిడ ఆ ఉత్తరాన్ని పక్కన పడేసి, మొదటి బొమ్మ ప్రకారమే బిళ్ల చేయించి, ఏమైతే అదయిందని ఆపరేషను పెట్టేసుకుందామనుకున్నారు. పోలిరాజుని పిలిపించి కొత్తగా ఎక్స్‌రే తీయించారు. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. ఆవిడ ఫిల్ముని వెలుగుకి పట్టుకుని చూసి, దించి, మళ్లీ ఎత్తి చూశారు. పూసల మధ్య బిళ్ల పెట్టడానికి ఖాళీ లేదు. దాదాపు మూడేళ్లు ఎదురుచూసి విసిగిపోయాయో ఏమో, నాలుగో పూసా ఐదో పూసా తమంతట తామే ఎముక పోసుకుని ఒకటైపోయాయి. ఒక్కొక్కప్పుడు అలా జరుగుతుందట. కాకపోతే ఆ మనిషి అన్నాళ్లూ ఏ వంపులో నిలబడి ఉన్నాడో ఆ వంపులోనే అతుక్కున్నాయి. మళ్లీ విరగ్గొట్టి నిలబెట్టబోతే కాళ్లు పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు అని చెబుతూ ఆవిడ ఏడ్చేశారు. దాచుకోలేదు.

పోలిరాజే ఆవిడకి సర్దిచెప్పాడు. "మీరేటి సేత్తారమ్మా. నొప్పి పోనాది. తలెత్తి సూడ్డం కూడా పోనాది, అంతే" అన్నాడు. లోవలక్ష్మి అతని తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకుంది.

ఉపసంఘం చివరి సమావేశం ఆ నెలలోనే జరిగింది. రెండు పూసలు ఒకటి కావలెనన్నది లక్ష్యం కాగా, అవి ఒకటైనవి. వస్తువును వాడకుండానే లక్ష్యం నెరవేరినది. వస్తువు చెక్కుచెదరకుండా స్టాకులో ఉన్నది. ఈ మూడు వాక్యాలతో ఫైలు మూసేసి సభ్యులు ఒకరినొకరు అభినందించుకున్నారు. మరి మనిషి నిటారుగా నిలబడ్డం సంగతేమిటని లోవలక్ష్మి అడిగింది. త్రినాధరావు గారు ఫారం అటూ ఇటూ తిప్పి, నిజాయితీగా రెండుసార్లు వెతికి, అలాంటి గడి లేదని చెప్పారు.

అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ తర్వాత పోలిరాజుకి ఏ ఆఫీసులోనూ పని ఆగలేదు. రేషను కార్డులో పేరు మార్పుకి వెళ్లినా, కరెంటు మీటరు కోసం వెళ్లినా, వికలాంగుల సర్టిఫికెట్టుకి వెళ్లినా, అతను గుమ్మంలోకి రాగానే గుమస్తాలు మెత్తబడిపోయి ఫైలు తీస్తున్నారు. త్రినాధరావు గారైతే వరండాలో ఉన్న మిగతా అర్జీదారులందరినీ పిలిచి, ఆఫీసరు ముందు ఎలా నిలబడాలో ఇతన్ని చూసి నేర్చుకోమంటున్నారు.