ముప్పై రెండో నంబరు హాజరు

ఆ రోజు గుసగుస వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకు కాలేజీ ఆఫీసు కిటికీ తెరుస్తారు. స్కాలర్‌షిప్ రెన్యువల్ ఫారం మీద గుమాస్తా చేత హాజరు శాతం వేయించుకోవాలి. ప్రిన్సిపాల్ మేడమ్ సంతకం తీసుకుని మళ్లీ అదే కిటికీలో ఇచ్చేయాలి. పదిన్నరకల్లా క్లాసులో కూర్చోవాలి. గడువు సాయంత్రం నాలుగు వరకూ ఉంది కాబట్టి కంగారు పడాల్సిన పనేమీ లేదు.

నిజానికి ఈ పని వారం కిందటే అయిపోవాలి. రోజూ క్యూలో నిలబడుతూనే ఉంది. కిటికీ దగ్గరకు చేరి, ఆమె "సార్" అనేలోపు వెనకవాళ్ల చేయి ఆమె భుజం మీదుగా ముందుకు వెళ్లేది. "సార్" అన్న తరువాత కూడా పెద్దగా తేడా ఉండేది కాదు. ఆ మాట గుమాస్తా దాకా వెళ్లేది కాదు. ఆమె అసలు పేరు హాస్టల్లో ఎవరికీ గుర్తు లేదు. గుసగుస అని పెట్టింది రూమ్మేటు. ఆ రూమ్మేటు మూడో అంతస్తు నుంచి పిలిస్తే గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడతాడు. అందువల్ల ఆమె పేరు మైకు.

స్కాలర్‌షిప్ వస్తేనే ఫీజు, హాస్టలు, పుస్తకాలు. ఆగిపోతే ఇంటికి వెళ్లి అమ్మ టైలరింగ్ షాపులో రెండో మిషను ముందు కూర్చోవడమే. అమ్మ ఏనాడూ ఆ మాట అనలేదు. వాడేవాళ్లు లేకపోయినా ఆ మిషనుకు వారం వారం నూనె మాత్రం వేస్తూ ఉంటుంది.

"ఇవాళ నేనొస్తా పద," అంది మైకు. "నువ్వు ఫారం పట్టుకో, మాటలు నేను చూసుకుంటా."

ప్లాను అక్కడే చెడింది.

గుమాస్తా మంచివాడే. మోచేయి కిటికీ చట్రానికి ఆనించి, కంప్యూటర్లో నంబరు కొట్టి, కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"అన్నిట్లో బాగానే ఉందమ్మా. ఎకనామిక్స్‌లోనే దెబ్బ పడింది. ఎనభై క్లాసులకి నలభై ఏడు ఆబ్సెంట్. ప్రతి సబ్జెక్టులో డెబ్బై అయిదు శాతం ఉండాలి. లేకపోతే సిస్టమ్ ఫారం తీసుకోదు."

గుసగుస ఏదో అంది.

"ఏమంటోంది?" అని గుమాస్తా మైకును అడిగాడు.

"ఒక్కరోజు కూడా మానలేదంటోంది సార్. నిజమే. నా పక్కనే కూర్చుంటుంది."

"మరి ఆబ్సెంట్ ఎందుకు పడింది?"

"అదే నాకూ అర్థం కావట్లేదు సార్. ఈమె గొంతు ఆయనకి వినపడదని రోజూ ఈమె ప్రెజెంటు కూడా నేనే చెప్తున్నా."

క్యూలో వెనకున్నవాళ్లు ముందుకు వంగారు. గుమాస్తా కిటికీ తలుపు సగం దగ్గరకు వేసి గొంతు తగ్గించాడు.

"ఆ మాట ఇంకెక్కడా అనకు తల్లీ. దాన్ని ప్రాక్సీ అంటారు. దొరికితే ఇద్దరినీ సస్పెండ్ చేస్తారు. ఆ అమ్మాయికేదైనా జబ్బు చేసి ఉంటే డాక్టరు సర్టిఫికెట్ తెమ్మను, నేను సర్దుతా. లేదంటే వెళ్లి ఆ సార్‌నే పట్టుకోండి."

గుసగుస రెండో దారి చూపించింది, వేలితో. మైకు తల ఊపింది కానీ, ఎందుకైనా మంచిదని మెట్లెక్కుతూ ఫోను తీసింది. ఆమె ఫోనులో మాట్లాడితే అవతలివాళ్లకు ఫోను లేకపోయినా వినపడుతుంది.

"పిన్నీ, నేను మైకుని. మీ అమ్మాయి స్కాలర్‌షిప్ ఆగిపోయేట్టుంది. నలభై ఏడు రోజులకి డాక్టరు సర్టిఫికెట్ కావాలంట. నాలుగింటిలోపు. ఏం జబ్బంటే ఏముంది పిన్నీ, మీకు నచ్చింది రాయించండి."

గుసగుస ఆమె చెయ్యి పట్టుకుని లాగేసరికే ఫోను పెట్టేయడం అయింది. తిరిగి చేస్తే అమ్మ ఎత్తలేదు. అమ్మ అప్పటికే షాపు షట్టరు దించుతోంది.

ఎకనామిక్స్ లెక్చరర్ స్టాఫ్‌రూంలో పెన్నుకు ఇంకు పోసుకుంటున్నారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన హాజరు వేసేటప్పుడు తల ఎత్తి ఎరగరు. రిజిస్టరు మీద కళ్లు, నంబరు మీద పెన్ను, చెవులు క్లాసు వైపు. మనుషులను ముఖం బట్టి కాక గొంతును బట్టి గుర్తుపట్టడం తన ప్రత్యేకత అని ఆయన తరచూ చెప్పుకుంటారు.

"ముప్పై రెండో నంబరు గురించి సార్," అని మైకు మొదలుపెట్టగానే ఆయన కళ్లు మెరిశాయి.

"ఆగు. ఈ గొంతు నాకు తెలుసు. నలభయ్యో నంబరు. ముప్పై రెండూ నువ్వే." పెన్ను పక్కన పెట్టి కుర్చీలో వెనక్కి వాలారు. "రెండో నెలలోనే కనిపెట్టానమ్మా. రెండు నంబర్లకీ ఒకటే గొంతు. ఆ రోజు నుంచి ముప్పై రెండుకి వరసగా ఆబ్సెంట్ వేస్తూ వస్తున్నా. అసలు మనిషి ఏదో ఒక రోజు కాళ్లబేరానికి వస్తుందని తెలుసు. ఏదీ, ఆ మనిషి?"

"ఈమే సార్."

లెక్చరర్ గుసగుసను తేరిపార చూశారు. ఆమె రోజూ ఆయన బల్లకు నాలుగడుగుల దూరంలో, ముందు బెంచీలో కూర్చుంటుంది. ఆయన ఆమె ముఖం చూడడం అదే మొదటిసారి.

"ఈ పిల్లని నా క్లాసులో ఎన్నడూ చూళ్లేదు," అన్నారు. తరువాత కాస్త జాలిగా, "నిన్నెవరు పంపారమ్మా? ముప్పై రెండు పేరు చెప్పి నిలబడితే ఏమిస్తామన్నారు?" అని అడిగారు.

గుసగుస నోరు తెరిచింది. మాట రాలేదు. ఆయన దాన్ని ఒప్పుకోలు కింద లెక్కవేసి, రిజిస్టరు చంకన పెట్టుకుని లేచారు.

ప్రిన్సిపాల్ మేడమ్ గదికి వెళ్లేసరికి మీటింగు జరుగుతోంది. బయట బెంచీ మీద మూడు గంటల పది నిమిషాల దాకా కూర్చోబెట్టారు. ఆ వేళంతా మైకు దారిన పోయే ప్రతివాళ్లకూ జరిగింది మొదటి నుంచి చెప్పింది. మూడింటికల్లా ఆమె గొంతు బొంగురుపోయింది, కాలేజీలో సగం మందికి విషయం తెలిసిపోయింది. మిగతా సగం మంది, లేని విద్యార్థి పేరు మీద ఎవరో స్కాలర్‌షిప్ తింటున్నారని చెప్పుకున్నారు.

మేడమ్ ఫారం మీది ఫొటో చూశారు. అది ఊళ్లో బడిలో చదివేటప్పుడు తీయించినది. రెండు జడలు, రెండు రిబ్బన్లు, భయంతో పెద్దవైన రెండు కళ్లు. కళ్లు తప్ప ఇప్పుడేవీ లేవు.

"ఈ అమ్మాయి, ఆ అమ్మాయి ఒకరే అని చెప్పేదెవరు?" అని అడిగారు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని అమ్మ వచ్చింది. మెడలో కొలతల టేపు వేలాడుతూనే ఉంది. చేతిలో కవరు. బస్సు దిగి పరుగెత్తుకొచ్చిందేమో, ఆయాసంతోనే మొదలుపెట్టింది.

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను. నా కూతురు కావాలని మానలేదు. నలభై ఏడు రోజులు కామెర్లతో మంచం మీదే ఉంది. తల కూడా పైకెత్తలేదు. ఇదిగో డాక్టరు కాగితం."

మేడమ్ కాగితం చదివారు. గుసగుసను చూశారు.

"కానీ మీ అమ్మాయి ఒక్కరోజు కూడా మానలేదని అంటోంది కదండీ."

అమ్మ కూతురి వైపు తిరిగింది. "మానలేదా? మరి మంచం మీద ఉన్నదెవరు?" అని, వెంటనే తేరుకుని, "అంటే, అంత జ్వరంలోనూ లేచి వచ్చి ఉంటుందండీ. చదువంటే అంత పిచ్చి దానికి," అంది.

"ఇందాక కామెర్లన్నారు."

"కామెర్లలో జ్వరం కూడా ఉంటుంది కదండీ."

లెక్చరర్ గొంతు సవరించుకున్నారు. "మేడమ్, ఇంత గొడవెందుకు? నేను నంబరు పిలుస్తా. రోజూ వచ్చేదైతే జవాబు చెప్పమనండి." రిజిస్టరు తెరిచి అలవాటు ప్రకారం తల దించుకున్నారు. "థర్టీ టూ."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. గోడ గడియారం మూడూ ఇరవై అయిదు చూపిస్తోంది. గుసగుస ఊపిరి పీల్చుకుని, పెదవులు కదిపింది.

కొంతసేపయ్యాక లెక్చరర్ అన్నారు, "భయపడకమ్మా, చెప్పు."

"చెప్పిందండీ," అంది అమ్మ.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. మీరు ఫ్యాను కట్టేసి ఉంటే వినపడేది."

మేడమ్ నుదురు రుద్దుకున్నారు. "చూడమ్మా, నేను ఎవర్ని నమ్మాలో నాకు తెలియట్లేదు. ఒక్కరోజైనా నువ్వు ఆ క్లాసులో ఉన్నట్టు ఆధారమేదైనా ఉందా?"

గుసగుస చేయి సంచి దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మైకు అది చూసింది.

"నోటుబుక్కు ఉంది మేడమ్," అంది బొంగురు గొంతుతో. "తారీకు వేసి రోజూ రాస్తుంది."

గుసగుస గట్టిగా తల అడ్డంగా ఊపింది. ఆ నోటుబుక్కు ఎవరూ చదవడానికి రాసింది కాదు. అందులో పాఠం ఎడమ పక్క, పాఠం కానివన్నీ కుడి పక్క ఉంటాయి. నోటితో చెప్పలేనివి ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. కానీ అమ్మ మెడలో టేపు కనిపించింది. దాని వెనకే నూనె వేసిన రెండో మిషను కనిపించింది. సంచి తెరిచి, నోటుబుక్కు తీసి, మేడమ్ బల్ల మీద పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది.

మేడమ్ రిజిస్టరులో ఒక ఆబ్సెంట్ తారీకు చూసి, నోటుబుక్కులో అదే పేజీ తీశారు. పైకి చదివారు.

"డిమాండు సూత్రం. ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారు. సార్ గొడుగుల ఉదాహరణ చెప్పారు. చాలా బాగా చెప్పారు. కుడి పక్క... సార్ జేబులో పెన్ను కారింది. చొక్కా మీద మరక కోడిపిల్లలా ఉంది. ఆయనకెవరూ చెప్పలేదు."

లెక్చరర్ తన జేబు చూసుకున్నారు. మరక సరిగా పోలేదు, ఇంకా కోడిపిల్లలాగే ఉంది. అయినా ఆయన ముఖం వెలిగింది. ఇరవై రెండేళ్లలో గొడుగుల ఉదాహరణ బాగుందని రాసుకున్నవాళ్లు ఆయనకు తగల్లేదు.

"ఇదే మేడమ్, నేను సరిగ్గా ఇలాగే చెప్పాను. ఉపాంత ప్రయోజనం చూడండి, అది ఇంకా బాగా చెప్పాను. ఇంకోటి చదవండి."

మేడమ్ ఇంకోటి చదివారు. ఇంకోటి కూడా చదివారు. లెక్చరర్ కుర్చీ ముందుకు జరుపుకుని, కళ్లు మూసుకుని వింటున్నారు. అలా తీసిన నాలుగో పేజీ దగ్గర మేడమ్ కాస్త ఆగారు.

"ఈరోజు సార్ రాలేదు. మైకు బెంచీ మీద పడుకుని నిద్రపోయింది. కిటికీలో రెండు పావురాలు వచ్చి కూర్చున్నాయి. క్లాసులో అవే బుద్ధిగా ఉన్నాయి."

లెక్చరర్ కళ్లు తెరిచారు.

మేడమ్ రిజిస్టరు దగ్గరకు లాక్కున్నారు. "ఆ రోజు అరవై మంది ప్రెజెంట్. ఒక్క ముప్పై రెండే ఆబ్సెంట్. కింద మీ సంతకం ఉంది."

"స్టాఫ్‌రూంలో కూర్చుని రాసి ఉంటాను మేడమ్. ఏదో పనుండి..."

"మీరు రాని రోజు కూడా ఈమెకి మాత్రం మరచిపోకుండా ఆబ్సెంట్ వేశారు."

మేడమ్ వేలు పేజీల మీద కదులుతూ పోయింది. సార్ రాలేదు. సార్ వచ్చి వెంటనే వెళ్లారు. సార్ రాలేదు, పావురాలు కూడా రాలేదు. మొత్తం తొమ్మిది రోజులు తేలాయి. తరువాతి పేజీ మేడమ్ పైకి చదవడం మొదలుపెట్టి సగంలో గొంతు తగ్గించేశారు. గోడ వైపు తిరిగి ఉన్న గుసగుసకు ఆ పేజీలో ఏముందో తెలుసు. "ఈరోజు ప్రిన్సిపాల్ మేడమ్ క్లాసుకు వచ్చి క్రమశిక్షణ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. బాగుంది. పోయిన నెల కూడా ఇదే మాట్లాడారు."

మేడమ్ నోటుబుక్కు మూసి, రెండు చేతులతో గుసగుసకు అందించారు.

"ఇది జాగ్రత్తగా దాచుకో. ఎవరికీ ఇవ్వకు," అన్నారు. తరువాత లెక్చరర్‌తో, "ఎర్ర ఇంకు తీసుకుని ఈమె హాజరు మొత్తం సరిచేయండి. మీ తొమ్మిది రోజుల సంగతి రేపు మాట్లాడుకుందాం. వాటికి తగిన కారణం, కాగితం తీసుకురండి," అన్నారు.

అమ్మకు ఈ హాజరు లెక్కలన్నీ అర్థం కాకపోయినా, ఎదుటి మనిషికి కాగితం అవసరమని మాత్రం అర్థమైంది. బల్ల మీది డాక్టరు సర్టిఫికెట్ తీసి, మడత సరిచేసి, లెక్చరర్ ముందు పెట్టింది.

"మా అమ్మాయికి ఇక అక్కర్లేదు కదండీ. పేరొక్కటీ మార్పించుకుంటే మీకు పనికొస్తుంది. మీకు తొమ్మిదే కావాలి, ఇందులో నలభై ఏడున్నాయి."

మేడమ్ ఆ కాగితాన్ని రెండు వేళ్లతో తీసి చెత్తబుట్టలో వేశారు.

నాలుగు కొట్టడానికి ఆరు నిమిషాలుండగా ముగ్గురూ రిజిస్టరుతో సహా ఆఫీసు కిటికీ ముందుకు చేరారు. గుమాస్తా ఫారం మీద మేడమ్ సంతకం, రిజిస్టరులో ఎర్ర ఇంకు చూసి, నూరు శాతం అని కొట్టాడు.

"పొద్దున నలభై ఒకటి. ఇప్పుడు నూరు. ఏ జబ్బు చూపించారమ్మా?"

"పావురాలు," అంది గుసగుస. గుమాస్తాకు వినపడలేదు, ముద్ర వేసి ఇచ్చాడు.

బస్సు ఎక్కేముందు అమ్మ కూతురి జబ్బకు టేపు చుట్టి చూసి, "కామెర్లు లేకుండానే ఇలా చిక్కిపోయావే. సరిగా తిను," అంది. రెండో మిషను బేరానికి పెడతానని కూడా చెప్పింది.

మర్నాడు ఎకనామిక్స్ లెక్చరర్ గంట కొట్టకముందే క్లాసులో ఉన్నారు. చొక్కా కొత్తది. హాజరు మొదలుపెట్టి, ముప్పై రెండు దగ్గర ఇరవై రెండేళ్లలో మొదటిసారి తల పైకెత్తారు. గుసగుస పెదవులు కదిలాయి. ఆయన టిక్కు పెట్టి, ఆమె నోటుబుక్కు వైపు ఓ చూపు చూశారు.

"నేను కూడా వచ్చానమ్మా," అన్నారు మెల్లగా.

గుసగుస రాసుకుంది. ఆయన తృప్తిగా తల దించుకుని ముప్పై మూడు నుంచి మళ్లీ చెవులతోనే పని సాగించారు.

గొంతు పూర్తిగా పోయిన మైకుకు ఆ రోజు ఆబ్సెంట్ పడింది.