పద్దెనిమిది మెట్ల గాలిదీప విజయము

స్వస్తిశ్రీ కీలకనామ సంవత్సరమున, ఇంగ్లీషువారి లెక్కన అరువదియెనిమిదవ యేట, ఆషాఢ బహుళమున, హుస్సేన్‌సాగర జలరాశిని కుదిపి కుదిపి, అశోక్‌నగర్ మేడలమీద ఆరవేసిన పంచెల నపహరించి, చిక్కడపల్లి సందులలో సైకి లెక్కినవారిని దింపి నడిపించుచు, పడమటిగాలి దిగ్విజయయాత్ర సాగించుచున్న వేళ, నారాయణగూడకు పోవు దారిలో మూడవ సందున, కిషన్ రావుగారి మేడయందు జరిగిన ఘోరసమరమును చెప్పెదను. వినువారు కూర్చుండుడు. చోటు చాలనివారు నిలుచుండియే వినుడు, యుద్ధము చిన్నదే.

ఆ మేడకు వెనుకభాగమున రెండు గోడల నడుమ పద్దెనిమిది మెట్లు కలవు. పద్దెనిమిది యనగానే కురుక్షేత్రము మనసున మెదిలినచో ఆ తప్పు నాది కాదు, కట్టిన మేస్త్రీది. కిటికీ యన్నది లేని ఆ మెట్లదారిలో మిట్టమధ్యాహ్నము కూడ చీకటియే. గోడ సదా చెమ్మగిల్లియుండుటచే, కరెంటుతీగ వేయవచ్చిన పనివాడు షాకు తిని, పటకారునైన తీసికొనక పరుగెత్తెను. పోనీ లాంతరు పెట్టుదమన్న, క్రిందితలుపు సందున దూరిన గాలి మరుక్షణమే దాని నార్పివైచును.

మేడమీద కాపురముండునది సూర్యప్రకాశరావు, ఆతని తల్లి ఆదిలక్ష్మి. కాకినాడ నుండి వచ్చినవారు. మాఘమాసమున ఆమె పైనుండి ఆరవ మెట్టుపై కాలు జారి చతికిలబడెను. ఎముక విరుగలేదు గాని ధైర్యము సడలెను. నాటినుండి ఐదు నెలలుగా ఆమె క్రిందికి దిగలేదు. కొడుకు పట్టుకొని దింపెదనన్న, “నేనేవన్నా అటక మీద గంగాళాన్నట్రా, పట్టుకుని దింపడానికి?” అని కసరును. టార్చిలైటు తెచ్చెదనన్న, “ఒక చేతిలో కర్ర, ఒక చెయ్యి గోడకి. మూడో చెయ్యి అమ్మవారికుంటుంది గానీ నాకెక్కడిదీ?” అనును. క్రింద కాపురముండు కిషన్ రావుగారి యిల్లాలు, ఇంటియజమానురాలు సులోచన ఆమెకు ఈ నగరమున నున్న ఏకైక నేస్తము. ఆ యిరువురును పైనుండి క్రిందికి, క్రిందినుండి పైకి కేకలతో మాటలాడుకొనుటచే, ఎవరికి అజీర్ణమో ఎవరింట వంకాయకూరయో సందంతటికిని తెలియును. వీధియరుగుపై సులోచన ప్రక్కన కూర్చుండి వచ్చుపోవువారిని చూడవలెనని తప్ప ఆదిలక్ష్మికి వేరు కోరిక లేదు. అది తీరక ఆమె లోలోపల కుమిలిపోవుచుండెను.

తల్లి దిగులు చూడలేక, ఫైలుపర్వతభేదియు, మెమోబాణవర్షధురంధరుడును, పై అధికారి గర్జనకు సైతము చెక్కుచెదరక కునుకుతీయు ధీరుడును అగు సూర్యప్రకాశరావు ఒక ఆదివారపు ఉదయమున డాబా యెక్కి, బనియను తెరచాపవలె ఉబ్బుచుండగా, పడమటిదిక్కు చూచి ఇట్లు గర్జించెను:

“ఓరీ ప్రభంజనా! దుర్వినీతా! లాంతరుఘాతకా! నా జనని దీపము నార్పిన నీచేతనే ఆ దీపము వెలిగింపకున్న, నేను సర్కారువారి అప్పర్ డివిజన్ గుమాస్తానే కాను! నిన్ను బంధింతును! నీచేత చాకిరి చేయింతును!”

క్రిందినుండి తల్లి కేక వినవచ్చెను. “ఎవరితోరా ఆ అరుపులు? ముందు చొక్కా తొడుక్కో, జలుబు చేస్తుంది.”

వీరుడు చొక్కా తొడుగుకొని, మిత్రబలము కొరకు నారాయణగూడ చౌరస్తాలో సైకిళ్ళు బాగుచేయు బీరయ్య దుకాణమునకు పోయెను. సైకిలు చక్రమున కొరసికొని తిరుగుచు ముందు లైటును వెలిగించు డైనమో యొకటి కావలెనని యడిగెను.

“డైనమో ఉన్నది సార్. సైకిలేది?” అనెను బీరయ్య.

“సైకిల్ లేదోయ్. గాలి తొక్కుతుంది.”

బీరయ్య ఆతని మొగము తేరిపార చూచి, “ఎండ గూడ అంత లేదు కద సార్. జర కూసోండ్రి, చాయ్ తాగుండ్రి,” అనెను. కాని సంగతి మొత్తము విన్న పిమ్మట, “పెద్దమ్మ కోసమా? గట్ల చెప్పరాదుండ్రి!” అని దుకాణమునకు తడిక యడ్డుపెట్టి, పానాలసంచి భుజమున వైచుకొని వెంటనడచెను.

మధ్యాహ్నమునకు డాబాపై నూనెడబ్బా రేకుతో కత్తిరించిన ఆరు రెక్కల చక్రము పడమటి కెదురుగా నిలువబడెను. దాని ఇరుసునకు డైనమో, డైనమో నుండి తీగ, తీగ చివర మెట్ల నడుమ ఉసిరికాయంత బల్బు. సైకిలు లైటుకు చాలు కరెంటే గనుక గోడ చెమ్మగిల్లినను దానితో షాకుభయము లేదు. గాలి వీచెను. చక్రము గిరగిర తిరిగెను. బల్బు వెలిగెను! వీరు లిరువురు కౌగిలించుకొనిరి. సరిగా ఆ క్షణముననే, తాను ఆరబెట్టిన మిరపకాయలు గాలి కెగిరిపోవునేమోనని సులోచన డాబాపైకి వచ్చెను.

“ఆపుండ్రి!” అను ఆమె కేకతో పావురములు లేచిపోయెను. “ఏంది రావుగారూ గిది? ఉల్టా తిరుగుతున్నది! మా ఇంటి మీద అప్రదక్షిణమా? ఆషాఢంల! ఇల్లు ఏం గావాలె?”

సూర్యప్రకాశరావు చలింపలేదు. “అటువైపు నిలబడి చూడండి సులోచనగారూ, శుద్ధ ప్రదక్షిణం.”

ఆమె చక్రమున కావలికి పోయి చూచెను, ఈవలికి వచ్చి చూచెను, మరల పోయెను. అట్లు మూడుమార్లు తిరిగి, “ఆడికెల్లి చూస్తే సీదా, ఈడికెల్లి చూస్తే ఉల్టా. ఇసొంటి రెండు నాల్కల చక్రం నా ఇంటి మీద వద్దు. గుడి చుట్టు మనం ఎట్ల తిరుగుతం? నిలబడి బొంగరం లెక్క తిరుగుతం గాని, గోడ మీద బల్లి లెక్క తిరుగుతమా? చక్రాన్ని పండబెట్టుండ్రి. అప్పుడు ఎవ్వరు చూసినా ఒక్కతీరే ఉంటది,” అని తీర్పు చెప్పెను.

బీరయ్య తల గోకికొని, “అక్క సహీ చెప్పింది సార్. పండబెడితే గాలి ఏ దిక్కుకెల్లి వచ్చినా తిరుగుతది. నిలబెట్టినదైతే గాలి జర పక్కకు మళ్ళితే ఖతం,” అనెను. పంచాంగము తప్ప వేరు గ్రంథము చూడని ఆ యిల్లాలు చెప్పిన మర్మము గుమాస్తాశిఖామణికి తోచకపోయెను గదా! ఆతడు సిగ్గుపడెను, సంతోషమును పడెను.

పిమ్మట జరిగినది మహాసంగ్రామము. పాత సైకిలుచక్రము నొక దానిని గొట్టముపై పరుండబెట్టి, దాని అంచున నిలువున చీల్చిన ఎనిమిది డబ్బాలు దోసిళ్ళవలె బిగించిరి. డైనమో తల టైరున కానించిరి. మొదట డబ్బాల నోళ్ళు తప్పుదిక్కునకు పెట్టిరి గనుక చక్రము ఉల్టాయే తిరిగెను. సులోచన తలకొట్టుకొనెను. ఎనిమిదింటిని విప్పి మరల బిగించిరి. గాలి బీరయ్య టోపీని అడిక్‌మెట్ దిక్కునకు కొనిపోయెను. రావుగారి చూపుడువ్రేలిని రేకు కోసెను, రక్తము ఒక చుక్క ప్రవహించెను. సాయంత్రము కాకుండగనే చక్రము ప్రదక్షిణముగా, భక్తితో, గడగడలాడుచు తిరిగెను.

ఆదిలక్ష్మి కర్ర పట్టి పైమెట్టున నిలిచెను. “ఎవరూ నా దగ్గరికి రావద్దు,” అనెను.

గాలి విసరెను, బల్బు వెలిగెను, ఆమె ఒక మెట్టు దిగెను. గాలి తగ్గెను, బల్బు ఆరెను, ఆమె ఆగెను. ఈ రీతిని, గాలి వీచినప్పుడు నడచుచు, ఆగినప్పుడు నిలుచుచు, ఐదు మెట్లు గెలిచెను. ఆరవ మెట్టు చెంత చీకటి క్రమ్మెను. గాలి లేదు. వెనుక పైమెట్టున నున్న కొడుకు ఒక అడుగు ముందుకు వేసి, ఆమె మాట తలచి ఆగెను. క్రిందినుండి సులోచన, “పెద్దమ్మా, కదలకు!” అనెను. డాబాపై బీరయ్య చక్రమును చేతితో త్రిప్పబోగా, ఆ చప్పుడు విని ఆదిలక్ష్మి, “చేత్తో తిప్పకయ్యా! రేపు మీరు లేనప్పుడు ఎవరు తిప్పుతారూ? గాలే రావాలి!” అని అరచెను. బీరయ్య చేయి వెనుకకు తీసికొనెను. అప్పుడు సాగరము మీదుగా ఒక పెనుగాలి పరుగున వచ్చెను. బల్బు భగ్గున వెలిగెను. ఆమె ఆరవ మెట్టును కర్రతో ఒక దెబ్బ కొట్టి, దానిపై పాదము మోపి, దాటెను!

ఇరువదిమూడు గాలివిసరులలో పద్దెనిమిది మెట్లు జయించి, తలుపు తోసి, వెలుతురులోనికి వచ్చి, ఇంటిప్రక్కగా వీధికి నడచి, ముందే అరుగెక్కి కాచుకొనియున్న నేస్తముతో “సులోచనా, కాస్త జరుగు,” అని అరుగుపై కూర్చుండెను. సులోచన కన్నులు తుడుచుకొనుచు చోటిచ్చెను.

గాలి పూర్తిగా పడిపోయెను. కొడుకు కంగారుపడి, “అమ్మా, ఇప్పుడు పైకెలా ఎక్కుతావే?” అనెను.

“వచ్చినప్పుడే వస్తుంది లేరా. తొందరేవుంది?”

జయము! జయము! ఉసిరికాయంత దీపముతో పద్దెనిమిది మెట్ల మహాంధకారము నిర్జింపబడెను! ప్రభంజనుడు బంటయ్యెను! ఈ గాథ విన్నవారి చీకటిమెట్లపై అడుగు తడబడకుండుగాక!

అరగంటకు గాలి మరల వీచెను. మెట్లపై దీపము చక్కగా వెలిగెను. ఆదిలక్ష్మి దానిని చూచియు చూడనట్లు, వీధివైపునకు మరికొంచెము తిరిగి కూర్చుండెను.