ఉషమ్మ లైబ్రరీ

ఆదివారం సాయంత్రానికల్లా మామ గీసిన బొమ్మలను పాత యంత్రంలోంచి బయటికి తీయాలని ఉష పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుంది. కొత్తకోట నేతగాళ్లలో మొదట కంప్యూటర్ మీద చీర అంచులు గీసినవాడు ఆమె మామ ధర్మయ్య. ముప్పై ఏళ్ల నాటి ఆ అమిగా కంప్యూటర్‌లోనే ఆ అంచులన్నీ చిక్కుకుపోయాయి. ఇప్పుడు ఆయనకు చూపు మందగించింది. మళ్లీ గీయలేడు. వాటిని కొత్త ల్యాప్‌టాప్‌కు అర్థమయ్యేలా మార్చాలంటే సి భాషలో రాసిన ఒక లైబ్రరీ, అంటే ప్రోగ్రాం ముక్కల కట్ట, కావాలి. కోడ్ దొరికింది గానీ, దాన్ని ఆ ముసలి యంత్రంలోనే కంపైల్ చేయాలి, అంటే ఒక్కో ఫైలూ దానికి అర్థమయ్యేలా మార్చి ప్రోగ్రాంగా బిల్డ్ చేయాలి. అదేమో నత్తనడక నడుస్తోంది.

ఇంతలో స్నేహితురాలు శ్రీదేవి ఫోన్ చేసింది.

"ఇంట్లనే లైబ్రరీ బిల్డ్ చేస్తున్న. సాయంత్రానికి అయిపోతది," అంది ఉష.

వంటింట్లో ఉన్న అత్త సుగుణమ్మ చెవిన ఆ మాట పడింది. ఉన్న రెండు గదుల్లో లైబ్రరీ ఎక్కడ పడుతుందన్న అనుమానం వచ్చినా, చదువుకున్న కోడలు కదా అని సర్దుకుని, పక్కింటి జానమ్మను పిలిచింది.

"మా ఉష లైబ్రరీ కడ్తాంది. సాయంత్రమే తెరుసుడు!"

మధ్యాహ్నానికి జానమ్మ పాత పంచాంగాలు తెచ్చింది. వెనక వీధివాళ్లు కొడుకు పది తప్పిన నాటి గైడ్లు తెచ్చారు. రిటైరైన పంతులు రామచంద్రం ఆటోలో రెండు బస్తాల పుస్తకాలు దింపి, మైకు కూడా తెప్పించాడు. వరండాలోని ప్లగ్గు నుంచి వైరు లాక్కుని, తలుపేసుకుని కూర్చున్న ఉషకు ఇవేవీ తెలియవు. ఇంకో నాలుగు ఫైళ్లయితే పని పూర్తవుతుందనగా తెర నల్లబడింది.

"ప్లగ్గు ఎవరు పీకిండ్రు?" అంటూ బయటికొచ్చింది.

"నేనే బిడ్డా. ప్రసంగానికి మైకు గావాలె గదా!" అన్నాడు రామచంద్రం.

వరండా నిండా పుస్తకాలు. వాటి చుట్టూ జనం.

"గివన్నీ ఏంది అత్తమ్మా?"

"నీ లైబ్రరీకే! బిల్డ్ చేస్తున్ననంటివి గదా. బిల్డ్ అంటే బిల్డింగే గదా!"

"గది పుస్తకాలది గాదు. మామ అంచులు బయటికి దీసే ప్రోగ్రాం..." ఉష గదిలోని నల్లటి తెర వైపు చూపించింది.

రామచంద్రం నాలుక కరుచుకుని, పరుగున వెళ్లి ప్లగ్గు పెట్టాడు. ఉష భయంభయంగా చూసింది. అప్పటిదాకా తయారైన ముక్కలన్నీ డిస్కులో భద్రంగానే ఉన్నాయి. మిగిలిన నాలుగు ఫైళ్లూ పూర్తయ్యేదాకా జనం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పొద్దుగూకే వేళకు ల్యాప్‌టాప్ తెర మీద మొదటి అంచు విచ్చుకుంది. ఎర్రటి పట్టు మీద నెమళ్ల బారు.

ధర్మయ్య తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా వచ్చి చూశాడు.

"నేను గీసినదే," అన్నాడు మెల్లగా.

"నాకు గిదే అంచు చీర గావాలె ధర్మన్నా!" అంది జానమ్మ. వెనక నుంచి ఇంకా గొంతులు లేచాయి. ముందు మగ్గం ఎక్కించేది ఎవరి చీరన్న పంచాయితీ మైకులోనే నడిచింది.

చీకటి పడ్డాక అందరూ సంతోషంగా ఇళ్లకు వెళ్లిపోయారు. పుస్తకాలు వెళ్లలేదు.