బేరీజు బావ ఆపరేషను

ఆ వీధిలో ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది కానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. అందరికీ ఆయన బేరీజు బావే. పళ్ళ బ్రష్షు కొనాలన్నా నాలుగు షాపులు తిరిగి, నాలుగింటి మంచిచెడ్డలూ బేరీజు వేసి, చివరికి పాతదాన్నే ఇంకో నెల వాడే మనిషి. పెళ్ళి విషయంలో మాత్రం ఆ అవకాశం తానివ్వలేదని ఆయన భార్య గర్వంగా చెప్పుకుంటుంది.

ఆయనది కుట్టు మిషన్లు బాగుచేసే షాపు. ఒకరోజు ఇనప కాళ్ళ మిషను ఒకదాన్ని ఒక్కడే బల్ల మీదికి ఎత్తబోతే పొత్తికడుపులో కలుక్కుమంది. ఇంటికొచ్చి చూసుకుంటే గజ్జ దగ్గర నిమ్మకాయంత ఉబ్బు.

వీధి చివరి డాక్టరమ్మ చేత్తో నొక్కి చూసింది. "హెర్నియా. లోపలి గోడ వదులై పేగు బయటికి తోసుకొస్తోంది. ఆపరేషను చిన్నదే. కానీ నాన్చకండి. పేగు అక్కడే ఇరుక్కుందంటే ప్రాణం మీదికొస్తుంది" అని చీటీ రాసిచ్చింది.

'ప్రాణం మీదికొస్తుంది' అన్న మాట భార్య చెవిలో పడింది. 'ఆపరేషను' అన్న మాట భర్త చెవిలో పడింది. దారి పొడుగునా ఇద్దరూ చెరో మాటా మోసుకుంటూ ఇల్లు చేరారు.

సూదులతో బతికే మనిషికి సూదంటే భయమని ఎవరితో చెప్పుకుంటాడు? పరువు పోదూ! బల్ల మీద పడుకోబెట్టి, మత్తిచ్చి, తనకు తెలియకుండా తనను కుట్టేస్తారన్న తలపుకే ఆయన అరికాళ్ళు చల్లబడ్డాయి.

"ఏవండీ, ఎప్పుడు చేయించుకుందాం?" అంది భార్య.

"ఎప్పుడన్నది తర్వాత. ఎక్కడన్నది ముందు."

"ఎక్కడైతేనేం?"

"అదేం మాటే! సర్కారు ఆసుపత్రి ఉంది. ఇన్నేళ్ళూ పన్నులు కట్టి మనమంతా కలిసి పోషిస్తున్నాం, ఎవరికైనా ఉచితం. ప్రైవేటుంది. డబ్బు మనదే, వైద్యమూ మనకే. రెండూ బేరీజు వెయ్యొద్దూ?"

"వెయ్యండి. ఎన్నాళ్ళు?"

"తేలేదాకా."

భార్య ఆయన ముఖంలోకి ఓసారి చూసి "సరే" అంది. ఆవిడ అంత తేలిగ్గా సరే అంటే భయపడాలని ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు తెలిసుండాలి. ఆ సంతోషంలో తట్టలేదు.

తేలితే కదా ఆపరేషను! తేలకుండా చూసుకోవడమే తన పని అని బేరీజు బావ గట్టిగా నిశ్చయించుకున్నాడు. దానికి కావలసిన సరుకు ఇంట్లోనే ఉంది. భార్య అన్నయ్య టైల్స్ వ్యాపారి. ప్రైవేటులో పిత్తాశయంలో రాళ్ళు తీయించుకున్నప్పటి నుంచీ ఆ గది అందాలే చెబుతాడు. అందుకని ఆయన్ని ఏసీ బావ అంటారు. బేరీజు బావ అక్కయ్య సర్కారు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. ఆవిడ వార్డక్క. ఇద్దరినీ ఆదివారం టీకి పిలిచాడు.

"నాకిచ్చిన గది చూడాలి బావా!" మొదలెట్టాడు ఏసీ బావ. "ఏసీ, టీవీ, పూలగుత్తి. నర్సు తలుపు తట్టి గానీ లోపలికొచ్చేది కాదు."

"బిల్లు కూడా తలుపు తట్టే వచ్చిందా బాబూ?" అంది వార్డక్క.

"పిండి కొద్దీ రొట్టె, వదినగారూ."

"మరి పిండి లేనివాడు రోగాన్ని వెనక్కి పంపేయాలా? మా వార్డులో బ్యాంకు మేనేజరూ, ఆ బ్యాంకు ఊడ్చే మనిషీ పక్కపక్క మంచాల మీద పడుకున్నారు. ఇద్దరికీ ఒకటే మందు."

"మీ వార్డులో మంచం దొరికేలోపు రోగం దానంతటదే తగ్గిపోతుంది లెండి!"

"తగ్గితే సంతోషమేగా! మీ ప్రైవేటులో తగ్గినా వదలరు, ఇంకో పరీక్ష మిగిలిందంటారు."

ఏసీ బావ నోరు మూతపడేలా ఉంది. బేరీజు బావకు ముచ్చెమటలు పట్టాయి. వాదన తేలిపోతే ఇంకేమైనా ఉందా! "అయినా అక్కా, అంత వరుసలో నిలబడే ఓపిక రోగికుండాలి కదా?" అని అందించాడు. ఏసీ బావ మళ్ళీ లేచాడు. కాసేపటికి వార్డక్క తగ్గుతున్నట్టనిపించగానే అటు తిరిగాడు. "అయినా బావా, లాభం చూసుకునేవాడు అవసరం లేకపోయినా కోసేస్తాడేమో?"

ఆ ఆదివారం తేలలేదు. మరో ఆదివారమూ తేలలేదు. ఎండలు పోయి వానలొచ్చాయి. వీధిలో బట్టలు ఇస్త్రీ చేసేవాడూ, స్కూలు బస్సు డ్రైవరూ, పక్కింటి లెక్కల మాస్టారూ వచ్చి చేరారు. ఏసీ బావ తన పక్షం వాళ్ళకు మాత్రం షాపు నుంచి మెత్తటి కుర్చీలు తెప్పించాడు. వార్డక్క తన పక్షాన్ని చాప మీద కూర్చోబెట్టి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు గోడ పక్క చోటిచ్చింది. టీ దగ్గర కూడా గొడవే. కుర్చీ పక్షానికి అడగ్గానే కావాలి. చాప పక్షం, ముందొచ్చినవాళ్ళకు ముందు ఇవ్వమంటుంది. చివరికి ఏసీ బావా, వార్డక్కా ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు.

"బావా, మీ అక్కయ్యగారితో చెప్పు, ఆవిడ చెప్పేవి పాతకాలం కబుర్లని."

"తమ్ముడూ, నీ బావమరిదితో చెప్పు, ఆయన మాటలిక్కడికి వినబడుతున్నాయని."

బేరీజు బావ మధ్యలో కూర్చుని హాయిగా ఇద్దరి మాటలూ అటూ ఇటూ మోసేవాడు. ఉబ్బు మాత్రం నిమ్మకాయ స్థాయి దాటింది. నవ్వినప్పుడల్లా ఆయన చెయ్యి అక్కడికే పోతోంది. ఆ చేతిని భార్య టీ పోస్తూ చూస్తూనే ఉంది.

ఒక ఆదివారం లెక్కల మాస్టారు ఏకంగా ఓట్లు తీద్దామన్నాడు. ఓట్లా! బేరీజు బావ గుండె ఆగినంత పనయింది. "ఆగండాగండి!" అంటూ అడ్డమున్న టేకు కుర్చీని ఒక్క ఊపున పక్కకు లాగాడు. అంతే. ముఖం తెల్లగా పాలిపోయింది. ఉన్నచోటే కూలబడ్డాడు.

కుర్చీ పక్షం, చాప పక్షం రెండూ లేచి ఆయన చుట్టూ చేరాయి. వార్డక్క ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించింది. ఏసీ బావ పరిగెత్తి ఆటో పిలిచాడు. ఆటో వచ్చేలోపు ఉబ్బు మెల్లగా లోపలికి సర్దుకుంది. అందరూ ఊపిరి పీల్చుకుని ఇళ్ళకు పోయారు.

భార్య ఆయన పక్కన నేల మీదే కూర్చుంది. "నాకు భయంగా ఉందండీ. ఇంక నావల్ల కాదు. రేపు రెండు చోట్లకీ వెళ్తున్నాం. పొద్దున సర్కారుది, సాయంత్రం ప్రైవేటుది."

"మంచిదే. రెండూ చూశాక ఆలోచించుకోవడానికి ఓ నెల..."

"పడుకోండి" అందావిడ.

సర్కారు ఆసుపత్రిలో బెంచీల నిండా జనం. పసిపిల్లల ఏడుపులూ, ముసలివాళ్ళ దగ్గులూ కలిసిపోయాయి. మధ్యాహ్నానికి కాస్త ముందు లోపలికి పిలిచారు. గుబురు మీసాల సర్జను నొక్కి చూసి "దగ్గండి" అన్నాడు. ఆయన దగ్గాడు.

"చాలా నాన్చారు."

"డాక్టరుగారూ, లోపల వేసే కుట్టు ఒంటి వరసా, రెండు వరసలా?"

"మీరు దర్జీనా?"

"మిషన్లు బాగుచేస్తానండీ."

"అయితే మీకే బాగా తెలియాలి. చిరుగు చిన్నగా ఉన్నప్పుడే కుట్టాలి."

బేరీజు బావ "నేనింకా రెండో చోటు చూడాలండీ" అని ఒక్క గెంతులో బయటపడ్డాడు. భార్య చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

సాయంత్రం ప్రైవేటు. అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది. ఒకమ్మాయి నవ్వుతూ చల్లటి నీళ్ళిచ్చింది. సోఫా ఎంత మెత్తగా ఉందంటే, అందులో కూరుకుపోయిన ఆయన్ని లేపడానికి ఇద్దరు కావలసొచ్చారు. లోపలికి వెళ్ళాడు. టై కట్టుకుని, గుబురు మీసాలు సవరించుకుంటూ అదే సర్జను!

"మీరు... పొద్దున..."

"పొద్దున అక్కడ, సాయంత్రం ఇక్కడ. దగ్గండి."

"చేతులు అవేనా అండీ?"

"ఇంకో జత లేవు."

"మరి తేడా ఏమిటి?"

"అక్కడ నాకోసం మీరు కాచుకుంటారు. ఇక్కడ మీకోసం నేను కాచుకుంటాను. ఇదిగో, రేపు సాయంత్రమే చేసేస్తాను. ఏమంటారు?"

రేపే! బేరీజు బావకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. అంతలో మెరుపులాంటి ఆలోచన వచ్చింది. గబుక్కున లేచి నిలబడ్డాడు.

"ఛఛ! ఎంతమాట! నా ముందున్నవాళ్ళను దాటుకుని, డబ్బిచ్చి దూరిపోతానా? నేను పన్ను కట్టే మనిషిని. అందరితో పాటే నేనూ! అక్కడే పేరు రాయించుకుంటాను. ఎన్ని నెలలైనా సరే, నా వంతు వచ్చాకే చేయించుకుంటాను. తేలిపోయింది! సర్కారుదే గొప్ప!"

"తేలిందా?" అంది భార్య.

"తేలింది!"

"డాక్టరుగారి ముందు మాట. మళ్ళీ మార్చరుగా?"

"మార్చను గాక మార్చను!"

"అయితే ఎల్లుండి పొద్దున పరగడుపున రమ్మన్నారు. మీ వంతు వచ్చేసింది."

బేరీజు బావ చప్పున కూర్చున్నాడు. "వరుసలో చేరకుండా వంతెలా వస్తుందే?"

"డాక్టరమ్మ చీటీ రాసిచ్చిన మర్నాడే వదినతో వెళ్ళి మీ పేరు రాయించాను. మీరింట్లో వాదిస్తున్నన్నాళ్ళూ అక్కడ వరుస నడుస్తూనే ఉంది. పొద్దున మీరు గెంతేశాక ఆగి రోజు ఖాయం చేసుకొచ్చాను. ఈలోగా ముదిరితే ఏ రాత్రయినా ఇక్కడికి తెచ్చేట్టు అన్నయ్య మాట్లాడి పెట్టాడు."

"అంటే వాళ్ళిద్దరి గొడవంతా నాటకమా?"

"గొడవ నిజమేనండీ. అది నేను బతిమాలినా ఆగలేదు."

సర్జను మీసాల చాటున నవ్వు దాచుకుని, డైరీలో రేపటి పేజీ మీద రాసుకున్న ఆయన పేరు కొట్టేశాడు.

ఎల్లుండి రానే వచ్చింది. వార్డులో మంచం పక్కన ఏసీ బావ పూలగుత్తితో నిలబడితే, వార్డులో పూలు పెట్టకూడదని వార్డక్క లాక్కుంది. ఇద్దరూ మళ్ళీ నేరుగా పోట్లాడుకునేంత దగ్గరయ్యారు. వార్డు బాయ్ వచ్చి ఆయన్ని చక్రాల మంచం మీదికి మార్చాడు.

దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని బేరీజు బావ మెల్లగా అన్నాడు. "నాకు భయమేస్తోందే."

"తెలుసు. మొదటి రోజే తెలుసు."

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే ఒప్పుకునేవారా?"

చక్రాలు కదిలాయి. ఆవిడ పక్కనే నడుస్తోంది. ఆయన తల పైకెత్తి, "ఇంతకీ నీ లెక్కలో ఏది గొప్పదే? సర్కారుదా, ప్రైవేటుదా?" అన్నాడు.

"మిమ్మల్ని ఎవరు ముందు పడుకోబెడితే వాళ్ళదే గొప్ప. ఇంక మాట్లాడకండి" అందావిడ.

ఆయన దుప్పటి అంచు వదిలి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. తలుపు దాకా వదల్లేదు.