గాలిసంచిలో కొర్రీగారు

ఆ ఉదయం వేసుకున్న పథకం సాదాసీదాది. వ్యాను భార్యాభర్తలిద్దర్నీ అగ్నిపర్వతం భుజం దాకా ఎక్కించి దింపుతుంది. అక్కణ్ణుంచి వాళ్లు, వెంట ఒక గైడు, నల్లటి బూడిద దారిలో సైకిళ్ల మీద దిగుతారు. వ్యాను కొండ చుట్టూ తిరిగి వెళ్లి అడుగున కాచుకుంటుంది. హోటలు గదిలో మంచం అంచున కూర్చుని బూట్ల తాళ్లు బిగించుకుంటూ భార్య ఇదంతా ముచ్చటగా వివరించింది. భర్త తలూపారు. ఆయన దగ్గర వేరే పథకం ఉంది.

ఆయన ఆరోగ్య బీమా ఆఫీసులో క్లెయిములు పరిశీలిస్తారు. ఎవరి రోగంలోనైనా ఏదో ఒక లొసుగు పట్టి ఫైలు వెనక్కి కొట్టగల ప్రతిభావంతులు కాబట్టి అక్కడ అందరూ ఆయన్ని కొర్రీగారంటారు. ఆయన వేసిన కొర్రీ చదివాక నిజమైన రోగులు కూడా తమకు రోగం ఉందో లేదో తేల్చుకోలేక అవస్థపడేవారు. భార్యేమో, ఆపరేషన్లప్పుడు రోగులకు మత్తిచ్చే డాక్టరు. ఆదివారం వస్తే సైకిలెక్కి ఊరు దాటేసే మనిషి. పెళ్లికి ముందు, మొదటిసారి మాట్లాడుకున్నప్పుడే తనకు సైకిలంటే ప్రాణమని చెప్పింది. కాలేజీలో నేనూ చాంపియన్నే అన్నారు కొర్రీగారు. నిజానికి ఆయనకు సైకిలు తొక్కడమే రాదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయనకు మోకాలు పట్టేసేది, లేదా టైరు పంక్చరయ్యేది, లేదా ఆఫీసులో మీటింగు పడేది. మంచినీళ్ల సీసా పట్టుకుని స్కూటరు మీద ఆమె వెనకాలే వెళ్లేవారు. ఈ ఒక్కటీ బయటపడితే తన ఏ మాటనూ ఆమె ఇక నమ్మదని ఆయన భయం. అబద్ధం చెప్పడానికి ఒక్క నిమిషం చాలింది, నిజం చెప్పడానికి మాత్రం ఇన్నేళ్లలో మంచి సమయం దొరకలేదు. ఈలోగా పెళ్లిరోజు కానుకగా ఆమె ఈ కొండ ప్రయాణాన్ని కుదిర్చింది.

కాబట్టి ఆయన పథకం ఇది. పైన గాలి పలచన, ఎంతటివాడికైనా తలనొప్పి వస్తుంది. తనకూ వస్తుంది. అదే వ్యానులో వెనక్కి వచ్చేస్తారు. ఎవరి పరువూ పోదు.

పైన గంధకం వాసన వేసే గాలి, ఒక రాతి గది, దాని గోడకు ఆనించిన సైకిళ్లు తప్ప ఏమీ లేవు. కొర్రీగారు గదిలోకి వెళ్లి, అక్కడున్న మచ్చలు పడ్డ అద్దంలో రోగి ముఖం అభ్యాసం చేశారు. కనుబొమలు ముడివేసి చూశారు, దవడ వేలాడేసి చూశారు. తృప్తి కలిగాక బయటికి వచ్చారు.

"వ్యానేది?"

"వెళ్లిపోయిందిగా. మనం దిగేసరికి కింద ఉండాలి కదండీ," అంది భార్య హెల్మెట్టు పెట్టుకుంటూ.

కొర్రీగారు ఖాళీ దారికేసి చూశారు. వెళ్లిన వ్యాను తిరిగి రావాలంటే మామూలు తలనొప్పి చాలదు.

"అలా ఉన్నారేం?"

"తల నొప్పిగా ఉంది."

"కొంచెమా, ఎక్కువా?"

కొంచెమంటే మాత్ర ఇచ్చి సైకిలెక్కిస్తుంది. "పగిలిపోతోంది."

"వాంతి వచ్చేలా ఉందా?"

"ఉంది."

"చూపు?"

"మసక మసగ్గా ఉంది."

ఆమె ముఖంలోంచి పెళ్లిరోజు పోయి ఆసుపత్రి వచ్చింది. "ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి, తిన్నగా నడవండి."

అతి చేసేవాడే దొరికిపోతాడని కొర్రీగారికి తెలుసు. ఆ సూత్రంతో ఎంతోమందిని ఇంటికి పంపారు. అయినా తన వంతు వచ్చేసరికి ఆగలేకపోయారు. రెండడుగులు వేసి, గిర్రున తిరిగి, గోడకు ఆనించిన సైకిళ్ల మీద పడి వాటన్నిటినీ పడగొట్టారు.

"ఈ పలచటి గాలికి మెదడు వాస్తోంది," అంది భార్య. ఆమె గొంతు వణికింది. ఎన్ని ఆపరేషన్లయినా వణకని గొంతు అది.

గైడు పరుగెత్తుకొచ్చాడు. అతనితో మాటలు ఇంగ్లీషులో సాగాయి, మనం తెలుగులోనే చెప్పుకుందాం. "ఇక్కడ ఫోను అందదు మేడమ్. నేను సైకిలు మీద దిగి వ్యాను తెస్తాను."

"అప్పటిదాకా ఆగదు. సంచి ఉందా?"

ఉంది. మనిషి పొడవున్న రబ్బరు సంచి, ముఖం దగ్గర చిన్న కిటికీ, పక్కన కాలితో తొక్కే పంపు. మనిషిని లోపల పెట్టి జిప్పు బిగించి గాలి కొడితే, కొండ దిగినట్టే ఊపిరి అందుతుందట. తనకు తగ్గిపోయినట్టుందని కొర్రీగారు మనవి చేసుకున్నారు. అప్పటికే జిప్పు గడ్డం దాకా వచ్చింది.

"ఈయన ఏమన్నా వినకు," అంది భార్య గైడుతో. "ఈ జబ్బులో మతి తప్పుతుంది. నాకేం లేదంటారు, తెరవమంటారు. అస్సలు తెరవకు."

పంపు తానే తొక్కుతానంది. కాసేపు నేను తొక్కుతానని గైడు అంటే కసిరింది. ఆ పలచటి గాలిలో కాలు ఆపకుండా, కళ్లు ఒత్తుకుంటూ తొక్కింది. లోపల కొర్రీగారికి ఊపిరి హాయిగా ఆడుతోంది. కిటికీలోంచి భార్య ముఖం చూస్తూ, సాయంత్రానికల్లా కోలుకుందామని నిర్ణయించుకున్నారు.

అంతలో ఆ ముఖం రంగు మారింది. పెదవులు నీలబడ్డాయి. ఆమె తూలి, గోడ పట్టుకుని, మళ్లీ తొక్కింది. కొర్రీగారు సంచిని లోపల్నుంచి బాదారు. గైడు ఆమెకు వీపు పెట్టి కిటికీ దగ్గరికి వంగాడు.

"నాకేం కాలేదు. ఆమెను చూడు, పడిపోతోంది."

"అలాగే సార్. పడుకోండి."

"నేను నటించానయ్యా. నాకు జబ్బు లేదు."

గైడు జాలిగా తలూపాడు. నిజం చెబుతున్నా నమ్మని ముఖం ఎలా ఉంటుందో కొర్రీగారు జీవితంలో మొదటిసారి ఎదురుగా చూశారు. ఇన్నాళ్లూ ఆ ముఖం ఆయనదే. పరువు సంగతి ఆయనకు గుర్తు రాలేదు. ఆమె మోకాళ్లు వంగడం ఒక్కటే కనిపిస్తోంది.

"నాకు సైకిలు తొక్కడం రాదు," అని అరిచారు. "ఎప్పుడూ రాలేదు. అది దాచడానికే ఇదంతా చేశాను. ఆమెకు చెప్పు."

గైడు లేచి నిలబడ్డాడు. "మేడమ్, బాగా ముదిరింది. తనకు సైకిలే రాదంటున్నారు."

పంపు ఆగింది. ఆమె కిటికీకేసి చూసింది.

"జిప్పు తియ్యి," అంది. "ఆయనకు మతి శుభ్రంగా ఉంది." ఆ మాట అని అక్కడే కూలబడిపోయింది.

సంచిలో ఆమెను పడుకోబెట్టడం, జిప్పు బిగించడం, పంపు మీద కాలేయడం అన్నీ కొర్రీగారే చేశారు. గైడు వంతు అడిగితే ఇవ్వలేదు. ఏడుస్తూ తొక్కారు. పెదవులకు రంగొచ్చి, ఆమె లోపల్నుంచి కిటికీ మీద వేలితో కొట్టేదాకా తొక్కారు.

తర్వాత ఇద్దరూ ఒకే కంబళి కప్పుకుని గోడవార కూర్చున్నారు.

"నాకు సైకిలు రాదని నీకు ముందే తెలుసా?"

"పెళ్లైన వారానికే. అత్తయ్య చెప్పారు. చిన్నప్పుడు మీరు సైకిలు నేర్చుకుంటూ మురిక్కాలవలో పడ్డారట, మళ్లీ దాన్ని ముట్టలేదట."

"మరి ఈ కొండెందుకు?"

"ఇక్కడ పంక్చరూ మీటింగూ పనిచేయవు కదా. ఇక్కడైనా నోరు విప్పి చెబుతారనుకున్నాను. మీకు సైకిలు రాకపోతే నాకేం పోయిందండీ? నాకు చెప్పుకోలేకపోయారే, అదీ బాధ." ఆమె కళ్లు తుడుచుకుంది. "రోగం నటిస్తారనుకోలేదు. నా పంతానికి మిమ్మల్ని చంపేశాననుకున్నాను."

కొర్రీగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

ఇద్దరి నాడీ చూసి, ఇక భయం లేదని తేల్చుకుని, గైడు హెల్మెట్టు పెట్టుకున్నాడు. ఆ రోజు ఆ అగ్నిపర్వతం మీద సైకిలు తొక్కినవాడు అతనొక్కడే, అదీ వ్యాను కోసం.